కనకమామిడిలో అక్షరాలెన్ని?

సావనీరుకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు ఇద్దరు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. "ఏదైనా అంటే ఏది బాబూ?" అన్నాను. "మీ సబ్జెక్టులోదే సార్, కానీ తెలుగు డిపార్టుమెంటు వాళ్లు చదివినా అర్థం కావాలి" అన్నారు. చాలా కష్టమైన షరతే పెట్టారు. ఐతే ఆలోచించగా ఒక విషయం తట్టింది. దాన్లో మా శాస్త్రానికీ, తెలుగు వాళ్ల శాస్త్రానికీ సమాన వాటా ఉంది. నిజం చెప్పాలంటే అందులో సగం మాకంటే వాళ్లకే బాగా తెలుసు. అదే స్ట్రింగు. ఆబ్జెక్టు ఓరియెంటెడ్ భాషల్లో, అంటే జావా, పైథాన్ వంటి వాటిల్లో, అక్షరాల వరసను యంత్రం ఎట్లా దాచుకుంటుంది, ఎట్లా పోలుస్తుంది, ఎందుకు మార్చనివ్వదు అన్న సంగతి.

మన కాలేజీనుంచి ప్రతి సంవత్సరం ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు "స్ట్రింగు ఇమ్మ్యూటబుల్ ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు కంఠతా పట్టి పోతారు. నేనూ పట్టినవాణ్నే. ఇరవై ఏళ్లకు పైగా ప్రోగ్రాములు రాసి కూడా ఆ జవాబు నాకు పూర్తిగా అర్థం కాలేదని తెలిసింది మా ఊరి అమ్మాయి దరఖాస్తు ఒకటి తిరస్కరించిన రోజున. తిరస్కరించింది ఎవరో కాదు, నేను రాసిన ప్రోగ్రామే.

మాది కనకమామిడి. మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కితే మొయినాబాద్ దాటినాక వస్తుంది. నా చిన్నప్పుడు ఆ రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు గొడుగు పట్టినట్టుండేవి. బస్సు కిటికీలోంచి చెయ్యి చాపితే ఊడలు తగిలేవి. సరే, అది వేరే వ్యాసం. మా చుట్టుపక్కల చదువుకుని ఉద్యోగాల్లో పడ్డవాళ్లం కొందరం కలిసి, మొయినాబాద్ మండలంలో కాలేజీకి వచ్చే ఆడపిల్లలకు పరీక్ష ఫీజూ, బస్సు పాసు డబ్బులూ కట్టే ఏర్పాటు ఒకటి చేసుకున్నాం. దరఖాస్తులు తెలుగులోనే తీసుకోవాలని మా పట్టుదల. ఊరూరా కుర్రవాళ్లు ఫారాలు చూసి టైపు చేసి పంపుతారు. నా ప్రోగ్రాము వాటిని చదివి, మండలం గడిలో 'మొయినాబాద్' అని ఉంటే ఉంచుతుంది, లేకపోతే తీసేస్తుంది. పది లైన్ల పని. ఇందులో తప్పేం జరుగుతుందిలే అనుకున్నాను.

మూడు వారాల తర్వాత మా ఊరాయన ఒకాయన ఫోను చేశాడు. ఆయన పేరు ఇక్కడ మైసయ్య అనుకుందాం. అసలు పేరు అది కాదు గాని, అసలు పేరులోనూ ఇట్లాగే ఒక ఐత్వం ఉంది. ఆ ఐత్వం సంగతి తర్వాత వస్తుంది. "అన్నా, మీ లిస్టుల మా బిడ్డ పేరు లేదట. మాది మొయినాబాద్ మండలం గాదంటున్నరు. మరి కనకమామిడి యాడికి వోయింది?" అన్నాడు. కోపంగా అనలేదు. అంతకు ముందురోజే పరీక్ష ఫీజు గడువు అయిపోయింది. ఆయన పాలకేంద్రంలో అడ్వాన్సు తీసుకుని, జరిమానాతో కలిపి కట్టి వచ్చాడు. ఆ తర్వాత నాకు ఫోను చేశాడు.

రాత్రి లిస్టు తెరిచి చూశాను. ఆ అమ్మాయి ఫారంలో మండలం గడిలో స్పష్టంగా 'మొయినాబాద్' అనే ఉంది. ప్రోగ్రాములో నేను రాసుకున్నదీ 'మొయినాబాద్' అనే ఉంది. ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాను. కన్నుకు వెంట్రుకవాసి తేడా లేదు. యంత్రం మాత్రం రెండూ వేరంటుంది.

ఆబ్జెక్టు అంటే

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. పాత పద్ధతి ప్రోగ్రాముల్లో సమాచారం ఒకచోట, దానిమీద చేసే పనులు ఇంకొకచోట ఉండేవి. 1960లలో నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా అనే భాష చేస్తూ ఈ రెంటినీ ఒకే మూటలో కట్టారు. ఆ మూటే ఆబ్జెక్టు. మన కిరాణా కొట్టు శెట్టిగారి ఖాతా పుస్తకం లాంటిదనుకోండి. పుస్తకంలో లెక్కలుంటాయి, కాని దాన్ని తీసేదీ రాసేదీ శెట్టిగారే. మీరు గల్లా దాటి లోపలికి చెయ్యి పెట్టడానికి లేదు. "నా బాకీ ఎంత?" అని అడగాలి, ఆయన చూసి చెప్పాలి. 1995లో సన్ కంపెనీ లోకానికి చూపించిన జావా భాషలో స్ట్రింగు ఇట్లాంటి ఆబ్జెక్టే. లోపల అంకెల వరస ఉంటుంది. బయట మనం అడగదగ్గ ప్రశ్నలుంటాయి: నీ పొడవెంత? నాలుగో చోట ఏముంది? నువ్వూ అదీ ఒకటేనా?

స్ట్రింగు అంటే దారం. దారానికి గుచ్చిన పూలదండ అనుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఐతే గుచ్చింది పూలు కాదు, అంకెలు. యంత్రానికి అక్షరం తెలియదు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చి పెట్టారు, అది ఆ నంబరునే దాచుకుంటుంది. ఇప్పుడు ప్రపంచమంతా వాడే నంబర్ల పట్టీ పేరు యూనికోడు. మొదటి కూర్పు 1991లో వచ్చింది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 చోట్లు కేటాయించారు. మన 'క' నంబరు 3093. కన్నడ 'క' నంబరు 3221, అంటే సరిగ్గా 128 ఎక్కువ. దేవనాగరి 'క' 2325, సరిగ్గా 768 తక్కువ. ఇది కాకతాళీయం కాదు. భారతీయ భాషలన్నిటికీ ఒకే వరసలో చోట్లిచ్చే ఇస్కీ అనే ప్రమాణం ఒకటి 1980లలో మన దేశంలోనే తయారైంది. యూనికోడు వాళ్లు ఆ వరసనే తీసుకున్నారు. పాణిని కాలం నుంచి వస్తున్న వర్ణక్రమం యంత్రం లోపలికి కూడా అట్లాగే పోయిందన్నమాట.

అంతకుముందు పరిస్థితి పాత విద్యార్థులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఒక్కో ఫాంటుకు ఒక్కో నంబర్ల పట్టీ. ఒకరి ఫైలు ఇంకొకరి యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు. ఇప్పుడా బాధ లేదు. ఉన్న బాధలు సూక్ష్మమైనవి.

ఇక అసలు ప్రశ్న. కనకమామిడిలో అక్షరాలెన్ని? తెలుగు లెక్చరరు గారిని అడగండి. క, న, క, మా, మి, డి, ఆరు అంటారు. ఇంకా ఉత్సాహముంటే నగణం మీద భగణం అని గణవిభజన కూడా చేసి పెడతారు. జావాను అడిగితే తొమ్మిది అంటుంది. పైథానూ తొమ్మిదే అంటుంది. మా సైన్సు బ్లాకులో పాత సి భాష పాఠం చెప్పే మిత్రుణ్ని అడిగితే ఇరవై ఏడు అంటాడు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు.

తొమ్మిది ఎట్లా వచ్చిందో అర్థం కావాలంటే ఒకటో తరగతికి పోవాలి. పలకమీద గుణింతం దిద్దుతూ మనమేమని చదివాం? మకు దీర్ఘమిస్తే మా, మకు గుడిస్తే మి, డకు గుడిస్తే డి. యూనికోడు చేసేది అక్షరాలా ఇదే. 'మా' అన్నదానికి విడిగా నంబరు లేదు. మకు ఒక నంబరు, 3118. దీర్ఘానికి ఒకటి, 3134. గుడికి ఒకటి, 3135. కాబట్టి దండలో క, న, క, మ, దీర్ఘం, మ, గుడి, డ, గుడి, మొత్తం తొమ్మిది పూసలు. వత్తులదీ ఇదే కథ. వత్తుకు ప్రత్యేకంగా నంబరు ఇవ్వలేదు. పొల్లు అనే గుర్తు ఒకటుంది, దాని నంబరు 3149. 'చేవెళ్ల' రాయాలంటే చ, ఏత్వం, వ, ఎత్వం, ళ, పొల్లు, ల. ళకు పొల్లు పెట్టి వెంటనే ల తెస్తే అది వత్తుగా మారి కిందికి దిగుతుంది. ఆ దించే పని స్ట్రింగుది కాదు, తెరమీద బొమ్మ గీసే ఫాంటుది. స్ట్రింగుకు మూడక్షరాల చేవెళ్ల ఎప్పటికీ ఏడు పూసలే.

ఇరవై ఏడు సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. నంబరును దాచడానికి బైట్లు కావాలి, ఒక బైటులో 256 కంటే ఎక్కువ రకాలు పట్టవు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం చేస్తూ, ప్లేటు కింద వేసే కాగితం మీద ఒక ఉపాయం రాసుకున్నారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, పెద్ద నంబర్లకు రెండు, మూడు, అవసరమైతే నాలుగు. ఇప్పుడు ఫైళ్లు చాలామట్టుకు ఈ పద్ధతిలోనే ఉంటాయి. మన తెలుగు పూస ఒక్కొక్కటి మూడు బైట్లు. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. జావా లోపల మాత్రం పూసకు రెండు బైట్ల చొప్పున పద్దెనిమిది. అదే మా ఊరి పేరు ఇంగ్లీషులో రాస్తే పన్నెండు అక్షరాలు, 2017లో వచ్చిన జావా 9 నుంచి పన్నెండే బైట్లు. ఫోనులో మెసేజి పంపితే ఇంగ్లీషులో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 పూసలు పడితే గొప్ప. మన భాషకు సుంకం కొంచెం ఎక్కువే.

పదికీ పదకొండుకూ మధ్య

ఇప్పుడు మళ్లీ ఆ రాత్రికి వద్దాం. రెండు 'మొయినాబాద్'లనూ పొడవెంత అని అడిగాను. నాది పది అంది. మ, ఒత్వం, య, గుడి, న, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. లెక్క సరిపోయింది. ఆ అమ్మాయి ఫారంలోది పదకొండు అంది! కంటికి కనిపించని పూస ఏదో ఒకటి దండ చివర ఉంది. నంబర్లు అచ్చు వేయించి చూస్తే చిట్టచివర 8204 అని వచ్చింది.

ఈ 8204 ఒక విచిత్రమైన అక్షరం. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. పక్కపక్క అక్షరాలను కలవనివ్వకుండా మధ్యలో నిలబడటమే దాని పని. అది పనికిరానిది అనుకోకండి. 'మొయినాబాద్' తర్వాత 'లో' చేర్చాలంటే, ఊరికే చేరిస్తే పొల్లు తర్వాత ల వచ్చిందిగదా అని ల పోయి ద కింద వత్తుగా కూర్చుంటుంది. అట్లా కూర్చోకుండా మధ్యలో ఈ కనపడని గోడ కట్టాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే సాధనాలు కొన్ని, మాట చివర పొల్లు వస్తే ముందుజాగ్రత్తగా ఆ గోడను తామే కట్టి పెడతాయి. ఆ అమ్మాయి ఫారం టైపు చేసిన కుర్రవాడు అట్లాంటి సాధనం వాడాడు. అతని తప్పేమీ లేదు. వేరే కీబోర్డు వాడిన ఊళ్ల ఫారాలన్నీ చక్కగా దాటిపోయాయి. అతను టైపు చేసిన ఫారాలన్నీ ఆగిపోయాయి.

పోల్చడం గురించి ఒక మాట, ఎందుకంటే మన విద్యార్థులు ఏటా ఇక్కడ బోర్లా పడతారు. జావాలో రెండు స్ట్రింగులను పోల్చడానికి == గుర్తు వాడితే అది అక్షరాలను చూడదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూస్తుంది. ఒకే కాగితానికి రెండు జిరాక్సులు తీశారనుకోండి. రాత ఒకటే, కాగితాలు రెండు. == వాటిని వేరంటుంది. రాత ఒకటేనా అని తెలియాలంటే ఈక్వల్స్ అనే మెథడ్‌ను అడగాలి. తమాషా ఏమిటంటే ప్రోగ్రాములో మనమే రాసిన మాటలతో ప్రయోగం చేస్తే == కూడా చాలాసార్లు అవుననే అంటుంది. ఎందుకంటే ఒకే మాట పదిచోట్ల రాసినా జావా దాన్ని ఒక్కసారే దాచి పదిచోట్లకూ అదే ఇస్తుంది. ఫైలు నుంచి చదివిన మాటతో పోల్చినప్పుడే బండారం బయటపడుతుంది. ల్యాబులో పాసై, ఉద్యోగంలో ఫెయిలయ్యే ప్రోగ్రాములకు ఇదొక పెద్ద కారణం. నేను ఈక్వల్స్‌నే వాడాను, అంచేత ఆ పాపం నాది కాదు. నా పాపం వేరే.

రోగం తెలిసింది, మందు సులువే అనుకున్నాను. చివర ఖాళీలు కత్తిరించే ట్రిమ్ పెట్టాను. పోలేదు. యంత్రం దృష్టిలో 8204 ఖాళీ కాదు, అదొక ఆజ్ఞ. సరే, మార్పిడి చేసే రిప్లేస్ ఉంది. '8204 ఎక్కడున్నా తీసెయ్యి' అని ఒక లైను రాసి నడిపాను. పొడవు మళ్లీ పదకొండే! మళ్లీ నడిపాను. పదకొండే. అప్పటికి రాత్రి ఒంటిగంట దాటింది. యంత్రం చెడిపోయిందన్న అనుమానం కూడా వచ్చింది. ఇంకో అరగంటకు తెలిసింది, ఫస్టియరు పిల్లలు చేస్తే నేను మార్కులు కోసే తప్పు అది. రిప్లేస్ అన్నది పాత స్ట్రింగును మార్చదు. మార్చిన రూపంతో కొత్త స్ట్రింగు తయారుచేసి చేతికిస్తుంది. నేను దాన్ని అందుకోలేదు. అందుకునే చెయ్యి లేక ఆ కొత్త స్ట్రింగు చెత్తలో కలిసిపోయింది. నేను మళ్లీ పాతదాన్నే పొడవెంత అని అడుగుతూ కూచున్నాను.

ఇమ్మ్యూటబుల్ అంటే ఇదే. ఒకసారి పుట్టిన స్ట్రింగు ఇక మారదు. మా మండలంలో భూముల బేరాలు ఎక్కువ కాబట్టి మావాళ్లకు నేను ఇట్లా చెబుతాను. రిజిస్ట్రీ అయిన దస్తావేజులో ఒక సర్వే నంబరు తప్పు పడిందనుకోండి, రబ్బరుతో చెరిపి దిద్దుతారా? దిద్దరు. సవరణ దస్తావేజు అని ఇంకొకటి రాయిస్తారు. పాతది పాతదిగానే ఉంటుంది. ఎందుకంటే దాని నకలు ఇప్పటికే బ్యాంకులో ఉంది, కోర్టులో ఉంది, అన్నదమ్ముల ఇళ్లల్లో ఉంది. ఎవరో ఒకరు చెరిపి దిద్దితే మిగతావాళ్లు ఏది నమ్మాలి?

స్ట్రింగుల విషయంలోనూ కారణం అచ్చంగా ఇదే. 'కనకమామిడి' అన్న మాట ప్రోగ్రాములో వందచోట్ల ఉంటే ఒక్క ఆబ్జెక్టునే వందమందీ పంచుకోవచ్చు, ఎవరూ దాన్ని మార్చరన్న హామీ ఉంది కనుక. ఆ హామీ లేకపోతే ఒకరు 'క' తీసేస్తే తొంభైతొమ్మిది మందికి ఊరు పేరు 'నకమామిడి' అవుతుంది. ఇంకొకటి, రక్షణ. 'ఈ ఫైలు తెరవడానికి ఇతనికి అనుమతి ఉందా' అని పేరు చూసి అవునన్నాక, తెరిచేలోపల ఆ పేరును ఎవరైనా మార్చేస్తే? కాపలావాడికి ఒక చీటీ చూపించి లోపల ఇంకో చీటీ ఇచ్చినట్టే. మార్పులేని స్ట్రింగుతో ఆ ఆట సాగదు. పైగా స్ట్రింగు క్లాసుకు వారసులు ఉండకూడదని కూడా జావా నియమం పెట్టింది. నేనూ స్ట్రింగునే అంటూ ఇంకొక క్లాసు వేషం వేసుకుని రావడానికి వీల్లేదు. పైథాన్‌లోనూ స్ట్రింగు మారదు. రూబీలో మాత్రం మామూలుగా మార్చవచ్చు. అది వాళ్ల ధైర్యం.

దీనికి మూల్యం లేకపోలేదు. పేర్లన్నీ ఒకదాని వెనక ఒకటి అతికించి పెద్ద జాబితా చేయాలనుకోండి. ఒక్కొక్కటి పది పూసల చొప్పున అయిదువందల పేర్లు. కూడిక గుర్తుతో అతికిస్తూ పోతే ప్రతిసారీ అప్పటిదాకా ఉన్నదంతా కొత్తగా ఎత్తిరాయాలి. మొదట పది, తర్వాత ఇరవై, ముప్పై, చివర అయిదువేలు. మొత్తం కూడితే 12,52,500 పూసలు ఎత్తిరాసినట్టు లెక్క, అయిదువేల పూసల జాబితా కోసం! అందుకని చిత్తుకాగితం లాంటి ఆబ్జెక్టు వేరే ఉంది, స్ట్రింగ్ బిల్డర్ అంటారు. 2004లో జావా 5తో వచ్చింది. దాని అన్న స్ట్రింగ్ బఫర్ మొదట్నించీ ఉంది గాని, ప్రతి పనికీ తాళం వేసి తీస్తుంది కనుక నిదానం. చిత్తులో ఎంతైనా కొట్టివేసుకోవచ్చు, రాసుకోవచ్చు. అయిపోయాక సాపు ప్రతి అడిగితే మార్పులేని స్ట్రింగు ఇస్తుంది.

నా ప్రోగ్రాములో చివరికి చేసింది ఇది. ఫారంలో వచ్చిన మండలం పేరును ముట్టుకోలేదు. దాన్నుంచి 8204 తీసేసిన ఇంకొక స్ట్రింగు తయారుచేసి, పోల్చడానికి మాత్రం దాన్ని వాడాను. అచ్చు వేసేటప్పుడు అసలుదే. లేకపోతే ఇంకెక్కడో అవసరమైన గోడ కూలి, ద కింద ల వచ్చి కూర్చుంటుంది. ఆగిపోయిన ఫారాలన్నీ లిస్టులోకి వచ్చాయి.

ఐత్వం

వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మా ఊరి అమ్మాయిదే. ఈసారి మండలం సరిపోయింది, తండ్రి పేరు కుదరలేదంది ప్రోగ్రాము. సర్టిఫికెట్లు స్కాను చేసి, తండ్రి పేరుతో ఫైలు దాచే పని ఒక మిత్రుడికి అప్పగించాం. ఫారంలో పేరునూ, ఫైలు పేరునూ నా ప్రోగ్రాము పోలుస్తుంది. రెండుచోట్లా 'మైసయ్య'. కన్నుకు తేడా లేదు. ఫారంలో ఆరు పూసలు, ఫైలు పేరులో ఏడు! వెంటనే 8204 కోసం వెతికాను. లేదు.

ఐత్వం ఎట్లా రాస్తారో ఒకసారి పలకమీద రాసి చూడండి. పైన ఎత్వం పెడతాం, కింద ఒక కొక్కెం తగిలిస్తాం. యూనికోడు ఈ రెండు దారులూ తెరిచి ఉంచింది. మొత్తం ఐత్వం ఒకే పూస, 3144. లేదా ఎత్వం 3142, కింది కొక్కెం 3158, రెండు పూసలు. చూపుకు ఒకటే, శాస్త్రం ప్రకారమూ రెండూ సమానమే. మా మిత్రుడిది పాత మాకింటోష్ యంత్రం. అందులోని పాత ఫైలు పద్ధతి, పేర్లను ఇట్లా విడదీసి దాచుకునేది. ఆ ఫైళ్లు నా దగ్గరికి విడిపోయిన ఐత్వంతోనే వచ్చాయి. ఈక్వల్స్ పూసకు పూస చూస్తుందే తప్ప వ్యాకరణం చూడదు. దీనికి నార్మలైజర్ అని విడిగా ఒక సాధనం ఉంది. రెండు స్ట్రింగులనూ ముందు దానిగుండా పంపితే విడిపోయిన ఐత్వాలు కలిసిపోతాయి. 2006లో వచ్చిన జావా 6 నుంచీ అది ఉంది. నేను వాడలేదు, అంతే. వ్యాకరణ పుస్తకంలో ఐత్వం రూపం గురించి చదివినప్పుడు అది ఒకనాడు ఒక పిల్ల ఫీజును ఆపుతుందని ఎవరనుకుంటారు!

మరునాడు పొద్దున్నే మైసయ్య గారి డబ్బులు, జరిమానాతో సహా, సంఘం నుంచి ఇప్పించాను. ఏమైందని అడిగాడు. ఐత్వం అని చెప్పాను. "మా నాయన పెట్టిన పేరన్నా, నేనేం జేద్దు" అన్నాడు.

ఆ తర్వాత నాకు ఇదొక పిచ్చిలా పట్టుకుంది. ఇంటర్వ్యూల్లో అందరూ అడిగే ప్రశ్న 'స్ట్రింగును తిరగరాయండి' అన్నది తీసుకుని 'కనకమామిడి'ని తిరగేయమన్నాను. మొదట దిక్కులేని గుడి ఒకటి ఒంటరిగా వచ్చింది. దానివెనక 'డిమామకనక' అని వచ్చింది. మనమైతే 'డిమిమాకనక' అంటాం. ఏం జరిగిందంటే గుడులూ దీర్ఘాలూ తమ ఇల్లు వదిలి పక్కింట్లో చేరాయి. డి మీది గుడి అనాథ అయింది, మి మీది గుడి డ మీదికి పోయింది, మా దీర్ఘం ఇంకొక మకు తగులుకుంది. 'చేవెళ్ల'ను ఆరు దగ్గర కోస్తే 'చేవెళ్' అని పొల్లుతో నోరు తెరుచుకుని నిలబడింది. గడి వెడల్పు చాలక పేర్లు కోసే ప్రోగ్రాములు రోజూ చేసే పని ఇదే.

ఇవి మనబోటి చిన్నవాళ్ల తప్పులని తీసిపారేయకండి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరం పేరు చెప్పుకుంది. జ, పొల్లు, ఞ, మన పాత మిత్రుడు 8204, దీర్ఘం, ఈ అయిదు పూసల స్ట్రింగు ఐఫోను తెరమీదికి వస్తే ఆ యాప్ కుప్పకూలేది. 'జ్ఞానం'లో మొదటి అక్షరమే, మధ్యలో కనపడని గోడ అదనం. ఆ మెసేజి ఒకరి నుంచి ఒకరికి ఆకతాయిగా పంపుకున్నారు. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసింది. పత్రికలన్నీ 'తెలుగు అక్షరం ఫోన్లను పాడుచేస్తోంది' అని రాశాయి. అక్షరం ఏం చేసింది పాపం? దాన్ని గీయడం చేతకాలేదు అంతే.

పోనీ, తెలుగు లెక్చరరు గారి లెక్క ప్రకారం ఆరు అని చెప్పే భాష ఒక్కటైనా లేదా అంటే ఉంది. అదే ఆపిల్ వాళ్లు 2014లో తెచ్చిన స్విఫ్టు. అది మనిషి కంటికి కనిపించే అక్షరాన్ని ఒక్కటిగా లెక్కిస్తుంది, 'కనకమామిడి'ని ఆరంటుంది. ఐతే వత్తుల దగ్గర అదీ తడబడేది. ఎందుకంటే యూనికోడు నియమాల ప్రకారమే 'ళ్ల' రెండుగా తెగేది, చేవెళ్ల నాలుగక్షరాలయ్యేది. 2023లో వచ్చిన యూనికోడు 15.1లో ఆ నియమం సవరించి, తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒరియా, మలయాళం లిపుల్లో వత్తుతో సహా ఒకటే అక్షరమని ఒప్పుకున్నారు. నన్నయగారి నాటికే తెలిసిన లెక్క అది. కొత్త నియమం ఎక్కని పాత యంత్రాలు ఇంకా నాలుగనే అంటుంటాయి. మీ ప్రోగ్రాములో గడి వెడల్పు పెట్టేముందు ఆ యంత్రం ఏ లెక్క చెబుతుందో 'చేవెళ్ల'తో ఒకసారి అడిగి చూడండి.

ఆ అమ్మాయి పరీక్ష రాసింది, పాసైంది. కిందటి ఏడు నుంచి మా ఊరి ఫారాలు టైపు చేసేది ఆమే. ప్రోగ్రాము ఇప్పుడు 8204లను తీసి, ఐత్వాలను కలిపి, ఆ తర్వాతే పోలుస్తుంది. ఏదైనా ఫారం ఆగితే తిరస్కరించకుండా పక్కన పెట్టి, నన్ను చూడమంటుంది. మొన్న ఒకటి అట్లా ఆగింది. తెరిచి చూస్తే ఎవరో 'మోయినాబాద్' అని ఓత్వంతో రాశారు. దానికి ఏ నార్మలైజరూ లేదు. ఫోను చేసి అడిగాను.